బాలికల బుట్టబంతి

దేశముల మధ్య జరుగు క్రీడాపోటీలను గూర్చి వినినంతనే విశాలములైన క్రీడామందిరములు, విద్యుద్దీపముల వెలుగు, వేలకొలది ప్రేక్షకుల కేరింతలు మన కన్నుల ముందు మెదలును. కాని అట్టి పోటీలో తన దేశపు దుస్తులు ధరించి నిలుచు ప్రతి బాలికయు ఒకనాడు తన యింటికో, బడికో చేరువనున్న చిన్న ఆటస్థలమున మొదటి అడుగు వేసినదే. ఆ కొంచెపు నేల లేనిచో ఈ పెద్ద మందిరమునకు చేరు దారియే లేదు. ఈ సంగతిని బుట్టబంతి యాట మిక్కిలి స్పష్టముగా తెలుపుచున్నది. బుట్టబంతి యనగా మనము నిత్యము బాస్కెట్‌బాల్ అని పిలుచుకొనునదియే.

హైదరాబాదు నగరము నడుమ అమీర్‌పేట, పంజాగుట్ట అను రెండు పేటలు ఇరుగుపొరుగున నున్నవి. అమీర్‌పేటలో రెండు మెట్రోరైలు మార్గములు కలియును. 2017లో మియాపూరు, నాగోలు మార్గమును, 2018లో అమీర్‌పేట నుండి పంజాగుట్ట మీదుగా ఎల్.బి.నగరు పోవు మార్గమును తెరచిరి. నిమ్స్ వైద్యశాలకు వచ్చు రోగులు, శిక్షణాలయములకు వచ్చు విద్యార్థులు, అంగళ్లకు వచ్చు కొనుగోలుదారులు - ఇందరితో ఈ పేటలు తెల్లవారినది మొదలు రాత్రి వరకు కిటకిటలాడుచుండును. ఇచ్చట నేలను గజములలెక్కన కొందురు, గజములలెక్కననే అమ్ముదురు. ఇట్టి చోట పెరుగుచున్న ఎనిమిదవ తరగతి బాలిక యొకతె భారతదేశపు జట్టులో బుట్టబంతి ఆడగోరినచో ఆమెకు ఏమేమి కావలయును? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న ముందుగా ఆ ఆట పుట్టుపూర్వోత్తరములను తెలిసికొనుట మంచిది.

1891వ సంవత్సరము డిసెంబరు నెల. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ విద్యాలయమున జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడుండెను. అది మంచు కురియు కాలము. ఆరుబయట ఆడుటకు వీలులేదు. నాలుగు గోడల నడుమ, ఒకరినొకరు పడద్రోసికొనకుండ ఆడదగిన ఆట యొకటి కావలసివచ్చెను. నెయిస్మిత్ పీచ్ పండ్లు నింపు బుట్టలు రెండు తెప్పించి, వ్యాయామశాలలో చుట్టునున్న వసారా కటకటాలకు చెరియొక వైపున కొట్టించెను. ఆ కటకటాలు నేలకు పదియడుగుల ఎత్తున నుండెను. నేటికిని బుట్టబంతి వలయము అదే ఎత్తున, అనగా 3.05 మీటర్ల ఎత్తున నుండుటకు ఇదియే కారణము. ఆయన పదుమూడు నియమములు వ్రాసి గోడకు అంటించి, పదునెనిమిది మంది విద్యార్థులను రెండు జట్లుగా చీల్చి ఆడించెను. ఆ బుట్టలకు అడుగు భాగము తెరచియుండలేదు. బంతి పడినప్పుడెల్ల ఒకరు నిచ్చెన వేసికొని ఎక్కి తీయవలసి యుండెను!

మరుసటి సంవత్సరమే ఈ యాట బాలికల యొద్దకు వచ్చెను. స్ప్రింగ్‌ఫీల్డ్‌నకు సమీపముననే స్మిత్ కళాశాల యను స్త్రీల విద్యాలయము కలదు. అందు వ్యాయామము నేర్పు సెండా బెరెన్‌సన్ అను యువతి ఈ యాటను గూర్చి చదివి తన విద్యార్థినులకు నేర్పెను. 1893 మార్చిలో ఆ కళాశాల మొదటి, రెండవ సంవత్సరముల విద్యార్థినులు పందెమాడిరి. ఆ పందెము చూచుటకు పురుషులకు ప్రవేశము లేకుండెను.

ఐతే ఆ కాలమున స్త్రీల శరీరము పరుగునకు ఓర్వజాలదని పెద్దలు పలువురు నమ్ముచుండిరి. కావున బెరెన్‌సన్ ఆటస్థలమును గీతలతో మూడు భాగములు చేసెను. ఏ భాగమున నిలిచిన బాలిక ఆ భాగముననే ఆడవలెను, గీత దాటరాదు. బాలికలకు ఆట నందిచ్చినందులకు ఆమెను మెచ్చుకొనవలసినదే. కాని ఆ గీతలు బహుకాలము చెరగలేదు. అమెరికాలోని కళాశాల విద్యార్థినులు ఐదుగురేసి జట్లుగా, ఆటస్థలమంతయు పరుగెత్తి ఆడుట 1971లో గాని నియమముగా ఏర్పడలేదు. తమ ఆటస్థలమును పూర్తిగా పొందుటకే బాలికలకు ఇంచుమించు ఎనుబదియేండ్లు పట్టినదన్నమాట.

ప్రపంచ క్రీడారంగమునను ఇట్టి ఆలస్యమే కనిపించును. ఈ యాటను పాలించు అంతర్జాతీయ సంఘము ఫీబా 1932లో జెనీవా నగరమున వెలసెను. ఒలింపిక్ క్రీడలలో పురుషుల బుట్టబంతి 1936లో, బెర్లిను నగరమున ప్రవేశించెను. స్త్రీలకు ఆ గౌరవము నలువది సంవత్సరముల తరువాత, 1976లో, మాంట్రియల్ నగరమున దక్కెను. పందొమ్మిదేండ్లలోపు యువకులకు ప్రపంచపు పోటీ 1979లో మొదలుకాగా, యువతులకు 1985లో మొదలయ్యెను. పదునేడేండ్లలోపు వారికి మాత్రము బాలుర పోటీయు, బాలికల పోటీయు ఒకే సంవత్సరమున, 2010లో, ఆరంభమయ్యెను. నలువదేండ్ల ఎడము ఆరేండ్లకు తగ్గి, తుదకు మాసిపోయినది. ఈ అంకెలను ఒకదాని క్రింద నొకటి వ్రాసికొని చూచినచో ఒక చరిత్రయే మనకు కనబడును.

ఇక ఆట నియమములు. ఆటస్థలము పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఒక్కొక్క జట్టులో పండ్రెండుగురు క్రీడాకారిణులుందురు. ఒక్కసారి ఐదుగురే ఆడుదురు. పదేసి నిమిషముల భాగములు నాలుగు. బంతిని చేతబట్టుకొని పరుగెత్తరాదు. నేలకు కొట్టుచు పోవలెను, లేదా తోడివారికి అందింపవలెను. బంతి వలయమున పడినచో రెండు పాయింట్లు, 6.75 మీటర్ల దూరమున గీసిన వంపుగీతకు ఆవలినుండి వేసినచో మూడు. తప్పునకు పరిహారముగా లభించు ఒంటరి వేటునకు ఒకటి. ఐదు తప్పులు చేసిన క్రీడాకారిణి ఆటనుండి తొలగిపోవలెను. బాలికల బంతి కొంచెము చిన్నది. దాని చుట్టుకొలత సుమారు 72 సెంటీమీటర్లు. కాని వలయపు ఎత్తులోగాని, ఆటస్థలపు కొలతలోగాని బాలికలకు ఏ తగ్గింపును లేదు.

ఈ నియమములలో ఒకటి విశేషముగా చెప్పదగినది. బంతి చేజిక్కిన జట్టు 24 సెకండ్లలోగా వలయమునకు గురి చూచి వేయవలెను. పూర్వము ఈ నియమము లేదు. ముందంజలో నున్న జట్టు బంతిని తమలో తామే అందించుకొనుచు కాలము గడపుచుండెను. 1950లో అమెరికాలోని వృత్తి క్రీడాకారుల పందెమొకటి 19-18 పాయింట్లతో ముగిసెను. చూడవచ్చినవారికి విసుగు తప్ప మరేమియు మిగులలేదు. అందుచే అక్కడివారు 1954లో 24 సెకండ్ల నియమమును తెచ్చిరి. ఫీబావారు 1956లో 30 సెకండ్ల గడువు పెట్టి, 2000లో దానిని 24కు తగ్గించిరి. నాటినుండి ఈ యాట బలమును మాత్రమేగాక శీఘ్రముగా ఆలోచించు బుద్ధిని గూడ పరీక్షించుచున్నది.

దేశముల మధ్య బాలికల పోటీ ఎట్లు నడచునో యిప్పుడు చూతము. ప్రపంచపు పోటీలో అన్ని దేశములకును చోటుండదు. కావున ప్రతి ఖండమునను ముందుగా పోటీ జరుగును. ఆసియా ఖండమున పదునారేండ్లలోపు బాలికల తొలి పోటీ మన దేశముననే, పుణె నగరమున, 2009లో జరిగెను. 2017 నుండి ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములు గూడ ఆసియా జట్లతో కలిసి ఆడుచున్నవి. బలాబలములలో ఎక్కువ అంతరమున్న జట్లు తలపడిన ఎవరికిని లాభము లేదు కదా! అందువలన ఏ, బీ అని రెండు విభాగములను ఏర్పరచిరి. ఏ విభాగమున ముందు నిలిచిన జట్లు ప్రపంచపు పోటీకి పోవును. ఆ విభాగమున అట్టడుగున నిలిచిన జట్టు బీ విభాగమునకు దిగును. బీ విభాగపు విజేత దాని స్థానమునకు ఎక్కును. ఇది బడిలో తరగతులవంటిది; ఐతే ఇచ్చట పై తరగతికి పోవుటయే గాక క్రింది తరగతికి జారుటయు కలదు.

2017వ సంవత్సరము మన దేశమునకు శుభప్రదమయ్యెను. అమీర్‌పేటకు సుమారు 570 కిలోమీటర్ల దూరమున, తెలుగువారు పెక్కుమంది నివసించు బెంగుళూరు నగరమున ఆ యేడు రెండు పోటీలు జరిగెను. జూలైలో జరిగిన స్త్రీల ఆసియా కప్పు పోటీలో మన జట్టు బీ విభాగపు తుది పందెమున కజకస్తాను జట్టును 75-73 పాయింట్లతో ఓడించెను. రెండు పాయింట్లనగా ఒక్క వేటు! అక్టోబరులో జరిగిన పదునారేండ్లలోపు పోటీలో మన బాలికలును బీ విభాగమున విజేతలైరి. అక్కలు ఎక్కిన మెట్టును మూడు నెలలలో చెల్లెండ్రును ఎక్కిరి.

ఐనను పై మెట్టు ఎక్కుట వేరు, అచ్చట నిలుచుట వేరు. 2019లో మరల బెంగుళూరుననే జరిగిన ఆసియా కప్పు పోటీలో, ఏ విభాగమున ఆడిన మన స్త్రీల జట్టు ఎనిమిది జట్లలో ఎనిమిదవదిగా నిలిచెను. జపాను, చైనా, ఆస్ట్రేలియా వంటి దేశముల క్రీడాకారిణులు పసితనము నుండి ఈ యాటలో ఆరితేరినవారు. వారితో సరితూగవలెనన్న ఒక సంవత్సరపు శ్రమ చాలదు. ఒక తరము సిద్ధము కావలయును. ఓటమిని దాచుట వలన లాభము లేదు. దాని కారణము తెలిసికొనుట వలన లాభము కలదు.

ఇచ్చట వయస్సును గూర్చి తెలిసికొనవలసిన సంగతి యొకటి యున్నది. పదునారేండ్లలోపు అనగా ఏమి? పోటీ జరుగు సంవత్సరమున పదునారేండ్లు నిండువారు, అంతకు చిన్నవారు మాత్రమే ఆడవచ్చును. 2017 పోటీకి 2001 జనవరి 1వ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టినవారే అర్హులు. 2000 డిసెంబరు 31న పుట్టిన బాలిక యెంత నేర్పరియైనను, ఒక్క దినము పెద్దదగుటచే, ఆ పోటీకి పనికిరాదు. ఇది కఠినమని తోచవచ్చును. కాని గీత ఎక్కడనో ఒకచోట గీయక తప్పదు. గీత లేనిచో చిన్నవారు పెద్దవారిచే ఎల్లప్పుడు ఓడిపోవుచుందురు.

కాలము ఈ బాలికలకొరకు ఆగదు. పదునారేండ్లలోపు బాలికల ఆసియా పోటీ 2017 తరువాత మరల 2022లో గాని, జోర్డాను దేశపు అమ్మాన్ నగరమున, జరుగలేదు. నడుమ కోవిడ్ మహమ్మారి ప్రపంచమును పట్టి పీడించెను. 2005లో పుట్టిన బాలికను తలచుకొనుడు. 2017లో ఆమె పండ్రెండేండ్ల పసిది. 2022 నాటికి ఆమెకు పదునేడవ యేడు వచ్చెను, తలుపు మూసికొనిపోయెను. ఆమె చేసిన తప్పేమియు లేదు. ఆట యందు ఒక యేడు పోయినచో అది పోయినదే. కావున నేడు పదుమూడేండ్ల బాలికకు పదునారేండ్లలోపు జట్టులో చేరుటకు మిగిలినవి మూడేండ్లు మాత్రమే. పదునైదవ యేట బంతి ముట్టిన బాలికకు మిగులునది ఒక్క యేడే.

ఆ మూడేండ్లలో ఆమె నడువవలసిన దారి యిట్టిది. మొదట బడి జట్టు. పిమ్మట జిల్లా జట్టు. ఆపై రాష్ట్రపు జట్టు. దేశమున ఈ యాటను నడపు భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడెను. పదునారేండ్లలోపు వారికి యూత్, పదునెనిమిదేండ్లలోపు వారికి జూనియర్ అను పేర్లతో రాష్ట్రముల మధ్య పోటీలు జరుగును. అందు రాణించినవారిని శిక్షణ శిబిరమునకు పిలిచి, తుదకు పండ్రెండుగురిని ఎన్నుకొందురు. ఇంత పెద్ద దేశమునుండి పండ్రెండుగురే! మిగిలినవారి శ్రమ వ్యర్థమా? కాదు. వేయిమంది ఆడినచోటనే పండ్రెండుగురు గట్టివారు తేలుదురు. తక్కినవారికి ఆరోగ్యము, స్నేహము, ఓర్పు లాభముగా మిగులును.

ఇప్పుడు మరల అమీర్‌పేట, పంజాగుట్టలకు వత్తము. పైన చెప్పిన ఆటస్థలపు కొలతలను హెచ్చవేసి చూడుడు. 28 మీటర్లను 15 మీటర్లతో హెచ్చవేసిన 420 చదరపు మీటర్లు వచ్చును. హైదరాబాదువారి లెక్కలో అది సుమారు 502 చదరపు గజములు. పరుగు ఆపుకొనుటకు చుట్టును రెండు మీటర్ల చోటు విడిచినచో మొత్తము 608 చదరపు మీటర్లు, అనగా సుమారు 727 గజములు. ఇంతటి నేలలో బహుళ అంతస్తుల భవనము కట్టవచ్చును, అద్దెలు పొందవచ్చును. అందువలననే కిక్కిరిసిన పేటలలో ఆటస్థలములు ముందుగా మాయమగును. ఇల్లు కట్టిన ఆదాయము లెక్కకు వచ్చును. బాలిక పరుగెత్తిన లాభము ఏ చిట్టాలోను వ్రాయబడదు.

నగరములో పెద్ద క్రీడామందిరములు లేకపోలేదు. 2002లో హైదరాబాదు జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చెను. అమీర్‌పేటకు సమీపముననే, యూసుఫ్‌గూడలో, కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియము కలదు. ఇట్టివి గర్వకారణములే. ఐనను పెద్ద మందిరము పోటీకి పనికివచ్చును. నిత్యాభ్యాసమునకు కావలసినది నడిచి పోదగినంత దూరమున నుండు ఆటస్థలము. ఆడపిల్లల విషయమున ఈ దూరము మరింత ముఖ్యము. రెండు బస్సులు మారి పోవలసిన చోటికి, చీకటి పడిన తరువాత రావలసిన చోటినుండి, తలిదండ్రులు కుమారుని పంపినంత సులభముగా కుమార్తెను పంపజాలరు. ఇల్లు చేరువైనచో ఆ భయము తగ్గును.

ఇందులకు కాశీ పట్టణమునకు చెందిన సింగ్ సోదరీమణులే తార్కాణము. వారు ఐదుగురు అక్కచెల్లెండ్రు. అందు దివ్య, ప్రశాంతి, ఆకాంక్ష, ప్రతిమ అను నలుగురు భారతదేశపు బుట్టబంతి జట్టులో ఆడిరి. ప్రశాంతి సింగ్‌నకు 2017లో అర్జున పురస్కారమును, 2019లో పద్మశ్రీ బిరుదమును లభించెను. ఒకే యింటనుండి నలుగురు ఎట్లు వచ్చిరి? అక్క వెంట చెల్లెలు ఆటస్థలమునకు నడిచెను. ఆ చెల్లెలి వెంట మరియొక చెల్లెలు నడిచెను. ఒక బాలికకు తెరచిన ద్వారము ఆమె వెనుకనున్నవారికిని తెరచుకొనును.

ఐదువందల గజములు దొరకని చోట ఉపాయమేమియు లేదా? ఉన్నది. ముగ్గురేసి జట్లుగా, ఒకే వలయముతో ఆడు బుట్టబంతి యొకటి కలదు. దానిని త్రీ ఇన్‌టు త్రీ అందురు. దాని ఆటస్థలము వెడల్పు 15 మీటర్లు, పొడవు 11 మీటర్లు. అనగా 165 చదరపు మీటర్లు, సుమారు 197 గజములు. పది నిమిషములు గడచుటగాని, ఒక జట్టు 21 పాయింట్లు సాధించుటగాని జరిగినంతనే పందెము ముగియును. బంతి చిక్కిన 12 సెకండ్లలో వేయవలెను. వీధులలో, పేటలలో పుట్టిపెరిగిన ఈ యాట 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో స్థానము పొందెను. అందు పురుషులును స్త్రీలును ఒకేసారి ప్రవేశించిరి. రెండువందల గజముల నేల ఏ బడి ఆవరణలోనో, ఏ పురపాలకోద్యానములోనో దొరకకపోదు. బడి విడిచిన పిమ్మట తాళము పడు ఆవరణలను సాయంకాలము రెండు గంటలు తెరచియుంచినను ఎంతో మేలగును.

నేల యొక్కటి దొరికిన చాలదు. అందు బాలికలకు వంతును దొరకవలెను. ఆటస్థలమున్న పెక్కుచోట్ల సాయంకాలమంతయు బాలురే ఆడుచుందురు. బాలికలు గోడ వెంబడి నిలిచి చూచుచుందురు. నాడు స్మిత్ కళాశాలలో గీసిన గీతలు బాలికలను మూడవ వంతు నేలలో నిలిపినవి. నేడు అట్టి గీతలు నేలమీద లేవు. కాని అలవాటు గీసిన గీతలు కంటికి కనబడకుండ నున్నవి. వానిని చెరుపుటకు ఎనుబదియేండ్లు పట్టనక్కరలేదు. ఒక గంట మీది, ఒక గంట మాది అని బాలబాలికలు తమలో తాము ఒడబడిక చేసికొన్నచో ఒక్క సాయంకాలమే చాలును.

బాలికలారా! మీలో అందరును దేశపు జట్టునకు పోలేరు. పోవలసిన అవసరమును లేదు. కాని బంతిని చేతబట్టి పరుగెత్తుటకు మీకును సమానమైన హక్కు కలదని ఎరుగుడు. మీ పదుమూడవ యేడు మరల రాదు. బాలురారా! మీ సోదరికి ఆటస్థలమున చోటిచ్చుట ఉపకారము కాదు, న్యాయము. పెద్దలు పేటకొక ఆటస్థలమును కాపాడవలెను. పిన్నలు దానిని పంచుకొనవలెను. దేశముల మధ్య జరుగు పోటీలో మన జాతీయ పతాకము పైకి లేచినప్పుడు దానికి ఆధారముగా నిలుచునది ఎక్కడనో ఒక పేటలోని ఐదువందల గజముల నేలయే.